చెలిమి నుండి వలపునకు: ‘ఎమ్మా’ నవలా పరిశీలనము

లలిత హాస్యముతో నడచు ప్రణయ నవలలను మన విమర్శకులు సామాన్యముగా వినోద వాఙ్మయమున చేర్చి విడిచిపెట్టుదురు. వివాహమే వలదనుకొన్న మిత్రులు తుదకు పరస్పరానురక్తులగుట యిట్టి నవలలకు మిక్కిలి పరిచితమైన యితివృత్తము. ఆంగ్ల వాఙ్మయమున దీనికి ఉత్తమోదాహరణముగా చెప్పదగినది జేన్ ఆస్టిన్ (1775-1817) రచించిన ‘ఎమ్మా’. ఇది 1815 డిసెంబరులో మూడు సంపుటములుగా వెలువడినది. ముఖపత్రముపై మాత్రము 1816 అని యున్నది. వాల్టర్ స్కాట్ తన పేరు తెలుపకయే ‘క్వార్టర్లీ రివ్యూ’లో దీనిని సమీక్షించి, నిత్యజీవితమును ఉన్నదున్నట్లు చిత్రించు నూతన నవలామార్గమునకు ఉదాహరణముగా చూపెను. ఇందు నాయికా నాయకుల స్నేహము ఎప్పుడు రతిగా మారినది? మారినదా, లేక మొదటినుండియు రతియే స్నేహమను పేర వర్తించినదా? ఈ ప్రశ్నయే ప్రస్తుత వ్యాసమునకు విషయము.

హైబరీ యను గ్రామమున తండ్రితో నివసించు ఎమ్మా వుడ్‌హౌస్‌కు ఇరువదియొక్క యేండ్లు నిండవచ్చినవి. ఆమె యక్కను వివాహమాడినవాని యన్న నైట్లీ. అతడు డాన్‌వెల్ ఆబీకి యజమాని, ముప్పదియేడెనిమిదేండ్ల బ్రహ్మచారి. ఎమ్మాను బాల్యమునుండి ఎరిగినవాడు. ఆమె తప్పులను మొగము ముందరనే చెప్పువాడు అతడొక్కడే. ఎమ్మా తాను పెండ్లి చేసికొనదు గాని ఊరివారి పెండ్లిండ్లు కుదుర్చుటయందు మహోత్సాహము గలది. ఆమె కుదుర్చబూనిన సంబంధము లన్నియు వికటించుటయే కథలోని హాస్యమునకు మూలము. తండ్రియో, వివాహమను మాటకే బెదరువాడు. పెండ్లి కేకు సైతము ఆరోగ్యమునకు చెరుపని అతిథులను వారించువాడు.

ఎమ్మా వివాహ విముఖతను చాపల్యమని కొట్టివేయరాదు. హారియట్ స్మిత్ అను చెలికత్తె, మిస్ బేట్స్ వలె అవివాహితగా ముసలివగుదువా యని యడిగినప్పుడు ఎమ్మా యిచ్చు సమాధానము గమనింపదగినది: కన్యాత్వమును లోకము పరిహసించుట దారిద్ర్యమును బట్టియే గాని కన్యాత్వమును బట్టి కాదు. ముప్పదివేల పౌనుల ధనము గల ఎమ్మాకు వివాహము జీవనోపాయము కాదు. కావున ఆమె స్వేచ్ఛకు పునాది ధనము. ఆ సంగతి ఆమెకును తెలియును. దాని బరువు మాత్రము తెలియదు.

ఆ బరువు బాక్స్ హిల్ వనవిహార ఘట్టమున తెలియవచ్చును. అచట ఎమ్మా చమత్కారమునకై మిస్ బేట్స్‌ను నలుగురిలో ఎకసక్కెమాడును. ఆమె ధనికురాలైనచో ఆ మాటను సహింపవచ్చును, పేదరాలగుటచే అది క్రూరమైనదని నైట్లీ మందలించును. వివాహము వలదనుటకు ఏ దారిద్ర్యమును ఎమ్మా తేలికగా ఉదాహరించినదో, ఆ దారిద్ర్యమే యిచట ఆమె యెదుట నిలిచినది. ఈ రెండు ఘట్టములకును గల సంబంధమును గుర్తింపనివారికి ఈ నవల కేవలము వినోదముగానే తోచును.

ఇక స్నేహ విచారము. రుద్రటుడు స్నేహమును స్థాయిగా గైకొని ప్రేయోరసమును ప్రత్యేకముగా పరిగణించెను. అభినవగుప్తు డంగీకరింపలేదు. స్నేహము స్వతంత్రముగా నిలువక అన్యస్థాయియందు విశ్రమించుననియు, యువజనుల మిత్రస్నేహము రతియందు పర్యవసించుననియు అతని మతము. ఈ వివాదమున ‘ఎమ్మా’ అభినవగుప్తుని పక్షమున సాక్ష్యమిచ్చుచున్నది. నైట్లీ జేన్ ఫెయిర్‌ఫాక్సును ప్రేమించుచున్నాడేమో యని మిసెస్ వెస్టన్ అనుమానింపగా, ఎమ్మా తీవ్రముగా ప్రతిఘటించును. అతడు పెండ్లాడినచో తన యక్క కుమారుడు చిన్న హెన్రీకి డాన్‌వెల్ ఆస్తి దక్కదట! కడపట తానే నైట్లీని వరించినప్పుడు మాత్రము హెన్రీ హక్కు ఆమెకు తట్టనే తట్టదు. రతి గూఢముగా నుండుటకు ఇంతకంటె సరసమైన నిదర్శన ముండదు. హారియట్ తాను నైట్లీని కోరుచున్నానని వెల్లడించిన క్షణమున కలిగినది నూతనానురాగము కాదు. ఉన్నదానికి నామకరణము మాత్రమే.

విద్యానాథుడు ఓరుగల్లు ప్రభువు పేర వెలయించిన ‘ప్రతాపరుద్రీయము’న వేదమును ప్రభుసమ్మితమనియు, పురాణమును సుహృత్సమ్మితమనియు, కావ్యమును కాంతాసమ్మితమనియు చెప్పెను. నైట్లీ యుపదేశము సుహృత్సమ్మితము. కొన్ని పట్టుల ప్రభుసమ్మితము కూడ. ఇచటనే నవలకు లోపము గలదని కొందరందురు. పదునారేండ్లు పెద్దవాడైన బోధకుడు శిష్యురాలిని గెలుచుకొనుట స్నేహ మెట్లగునని వారి యాక్షేపము. ఇది తేలికగా త్రోసివేయదగినది కాదు. వివాహము నిశ్చయమైన పిదపను ఎమ్మా అతనిని ‘మిస్టర్ నైట్లీ’ యనియే పిలుచును. అయినను ఉపసంహారమున రచయిత్రి తూనికను సరిచేసినది. తండ్రిని విడువజాలని ఎమ్మా కొరకు నైట్లీ తన యింటిని విడిచి ఆమె యింట కాపురముండుట కంగీకరించును. ఇల్లరికమునకు మన సమాజమున గల చిన్నచూపు ఎరిగినవారికి ఈ త్యాగము విలువ సులభముగా బోధపడును. ముసలి తండ్రి సమ్మతించుటకు కారణము తత్త్వబోధ కాదు, ఇరుగుపొరుగున జరిగిన కోళ్ల దొంగతనము! ఇంట మగదిక్కుండుట మేలని అతనికి తోచినది. గంభీరమైన యంశమును హాస్యముచే కప్పుటయే ఆస్టిన్ విధానము.

హారియట్ విషయమున మాత్రము లోపమును అంగీకరింపవలసియున్నది. ఆమె రైతు రాబర్ట్ మార్టిన్‌ను పెండ్లాడిన పిదప ఎమ్మా స్నేహము క్రమముగా పలుచబడును. సమానుల చెలిమి వలపుగా పండినది. అసమానుల చెలిమి మర్యాదగా మిగిలినది. ఎమ్మా స్వేచ్ఛకు పునాదియైన ధనమే ఆమె స్నేహమునకును సరిహద్దు గీచినది. లలిత ప్రణయ నవలలను పరిశీలించు విద్యార్థులు, నాయికా నాయకులు కలిసిరా లేదా యనుటతో తృప్తినొందక, వారి విముఖతకు ఆధారమేమి, ఆ కలయికకు వెల చెల్లించిన దెవరు అని కూడ విచారించుట యుక్తము.