ఆరు పోగుల సమాజం

నీ స్నేహితులెవరని అడిగితే మనిషి కాస్త ఆలోచించి చెబుతాడు. శత్రువులెవరంటే నోరు విప్పడు. మానవ సంబంధాలను లెక్కగట్టబోయిన వారందరికీ ఇక్కడే చిక్కొచ్చి పడుతుంది. వియన్నాలో పరిశోధకులు మైకేల్ సెల్, స్టెఫాన్ టుర్నర్ ఎవరినీ ఏమీ అడగకుండానే ఆ చిక్కు విడదీశారు.

వాళ్ల పరిశోధనకు ఆధారం పార్డస్ అనే ఆన్‌లైన్ ఆట. దాన్ని తయారుచేసిన వారిలో సెల్ ఒకరు. 2004లో మొదలైన ఆ ఆటలో ప్రతి ఆటగాడికీ ఒక అంతరిక్ష నౌక. సరుకు అమ్ముకోవచ్చు, జట్టు కట్టవచ్చు, దాడికి దిగవచ్చు. ఇక్కడితో గెలిచినట్టు అనే హద్దు లేదు కనుక చాలామంది అక్కడ కాపురం పెట్టినట్టే ఉండిపోయారు. సుమారు 3 లక్షల మంది ఆటగాళ్ల నడవడి ఏ రోజుకారోజు నమోదైంది.

అసలు పనితనం ఆ రాశిని విడదీసిన తీరులో ఉంది. నేతగాడు రంగుల వారీగా కండెలు వేరుచేసినట్టు, వాళ్లు బంధాలను ఆరుగా వేరుచేశారు: స్నేహం, మాటామంతీ, వ్యాపారం, శత్రుత్వం, దాడి, తలకు వెల కట్టడం. అన్నిటినీ కలిపి 'పరిచయం' అనేస్తే పని తేలికయ్యేది, నిజం మాత్రం జారిపోయేది. పైగా ఎవరు ఎవరిని మిత్రుడిగా, శత్రువుగా గుర్తుపెట్టుకున్నదీ మిగతా ఆటగాళ్లకు కనబడదు. అందువల్ల నలుగురి మెప్పు కోసం పెట్టిన గుర్తులు కావవి.

మరో పరిశోధకుడు రెనో లాంబియోత్‌తో కలిసి 2010లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పత్రికలో వాళ్లు ప్రచురించిన ఫలితాలు మనసుకు హత్తుకుంటాయి. స్నేహానికి చాలావరకు స్నేహమే బదులొస్తుంది. శత్రుత్వం అలా కాదు, తరచూ ఒకవైపే ఉండిపోతుంది. ముగ్గురు మనుషుల గుంపులను లెక్కపెడితే, ముగ్గురూ మిత్రులైనవీ, ఇద్దరు మిత్రులకు ఒకే ఉమ్మడి శత్రువు ఉన్నవీ యాదృచ్ఛికంగా ఏర్పడే వాటికన్నా ఎక్కువ. నా ఇద్దరు మిత్రులు ఒకరికొకరు పగవాళ్లయ్యే గుంపులు తక్కువ. ఆ ఇరకాటంలో ఎవరు మాత్రం ఎంతకాలం నిలవగలరు?

ఇలాంటి ముక్కోణాల సమతుల్యతను 1946లోనే ఊహించినవాడు మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హైడర్. ఆయన పుట్టిందీ వియన్నాలోనే. ఆ ఊహను ఇంత పెద్ద సమాజంలో తూచి చూడటానికి ఆరున్నర దశాబ్దాలు పట్టింది. ఆటలో చావు నిజం చావు కాదు, నష్టం నిజం నష్టం కాదు. ఆ మేరకు ఈ కొలతకు హద్దుంది. కానీ ఎవరి పక్షాన నిలబడాలో తేల్చుకునే మనసు మాత్రం అసలుదే. ఆ మనసును ఒక్క ప్రశ్నా వేయకుండా చదవగలిగిన ఓర్పుకు నమస్కరించాలనిపిస్తుంది.