రంధ్రం బొమ్మ చెప్పని సంగతులు

యానాం నుంచి వచ్చి మా ముత్తియాల్‌పేటలో గది తీసుకుని చదువుకుంటున్న బీయస్సీ కుర్రవాడొకడు మొన్న తన నోట్సులోని బొమ్మ చూపించాడు. పైన ప్లస్ గుర్తులతో పెప్టైడ్, కింద మైనస్ గుర్తులతో బాక్టీరియా పొర, మధ్యన ఒక బాణం, ఆ తర్వాత పొరలో రంధ్రం. “ఇంతేగదా సార్!” అన్నాడు. ఇటువంటి బొమ్మను మీరూ చూసే ఉంటారు. అది అబద్ధమని నేననను. కానీ అసలు విషయం మొదలయ్యే చోట ఆగిపోతుంది.

మొదటి మెట్టు వరకు పేచీ లేదు. బాక్టీరియా కణత్వచంలో రుణావేశం గల లిపిడ్లు ఎక్కువ. మన ఎర్ర రక్తకణాల పొర వెలుపలి వరుసలోని లిపిడ్లకు నికర ఆవేశం దాదాపు ఉండదు, పైగా అక్కడ కొలెస్టరాల్ ఉంటుంది. అందువల్ల లైసిన్, ఆర్జినిన్‌ల మూలంగా ధనావేశం పొందిన పెప్టైడ్ బాక్టీరియా వైపే మొగ్గుతుంది.

మరి ఆవేశం ఒక్కటే చాలునా? ఎద్దు వీర్యద్రవంలోని సెమినల్‌ప్లాస్మిన్ సూక్ష్మజీవులను అరికడుతుందని 1979లో హైదరాబాదుకు చెందిన ఇ.ఎస్.పి. రెడ్డి, పి.ఎం. భార్గవ ‘నేచర్’ పత్రికలో వెల్లడించారు. అది ఇ.కోలైలో రైబోసోమల్ ఆర్.ఎన్.ఏ. తయారీని ఆపుతుందన్నది వారి వివరణ. 1990లో అదే నగరంలోని సి.సి.ఎం.బి.లో సీతారామ్, నాగరాజ్ ఈ 47 అమైనో ఆమ్లాల గొలుసులో నీటికి దూరంగా ఉండే 13 ఆమ్లాల ముక్కను విడిగా సంశ్లేషించి చూశారు. అదీ బాక్టీరియాను చంపింది. అయితే పూర్తి గొలుసు జోలికి పోని ఎర్ర రక్తకణాలను కూడా పగలగొట్టింది!

లెక్క చూడండి. పూర్తి గొలుసులో లైసిన్, ఆర్జినిన్ కలిపి 10, రుణావేశపు ఆమ్లాలు 5. ముక్కలో లైసిన్‌లు 2, గ్లుటామిక్ ఆమ్లం 1. ఆవేశం తగ్గింది, నూనెతో కలిసే గుణం హెచ్చింది, స్వపర భేదం పోయింది. పెప్టైడ్‌ను పొర దగ్గరకు చేర్చేది ఆవేశమైతే, పొరలోకి దించేది ఈ రెండో గుణం. బొమ్మలో దానికి చోటే లేదు. ముక్క పొరను చీల్చింది గనుక 1979 నాటి వివరణ కొట్టివేయబడిందనడం కూడా తొందరపాటే. ముక్క చేసే పనిని బట్టి పూర్తి గొలుసు కణం లోపల ఏం చేస్తుందో తేల్చలేం.

ఇక రంధ్రం. 1987లో మైకేల్ జాస్లాఫ్ ఆఫ్రికా కప్ప చర్మంలో కనుగొన్న మాగైనిన్ పొరను చేరాక సర్పిలాకారం దాల్చి, పొర ఉపరితలానికి సమాంతరంగా పడుకుంటుంది. తగినన్ని అణువులు చేరితేనే పొర పలచబడి దారి ఇస్తుంది. అంటే ఒక్క పెప్టైడ్, ఒక్క రంధ్రం అన్న మాట కాదు. దర్పణ ప్రతిబింబ రూపంలో తయారుచేసిన మాగైనిన్ కూడా అంతే చురుకుగా పనిచేస్తుందని 1990లో తేలింది. కాబట్టి ఇది తాళం-తాళంచెవి వ్యవహారం కాదు.

నాకు అసలు అభ్యంతరం, ఈ బొమ్మ కింద తరచు కనిపించే వాక్యంతో: “బాక్టీరియా తన పొరను మార్చుకోలేదు, కనుక నిరోధకత రాదు.” మార్చుకుంటుంది. మరే మందూ పనిచేయనప్పుడు డాక్టర్లు ఆశ్రయించే కొలిస్టిన్ కూడా ధనావేశం గల పెప్టైడే. 2015లో చైనాలో బయటపడిన ఎం.సి.ఆర్-1 జన్యువు బాక్టీరియా వెలుపలి పొరలోని లిపిడ్-ఎకు ఫాస్ఫోఇథనాలమిన్‌ను తగిలించి, దాని రుణావేశాన్ని తగ్గిస్తుంది. మందు పట్టు సడలిపోతుంది. ఈ జన్యువు ఒక బాక్టీరియా నుంచి మరొకదానికి ప్లాస్మిడ్‌పై సాగిపోగలదు కూడా. కోళ్ల ఫారాలలో, చేపలు రొయ్యల చెరువులలో, పశువుల దాణాలో కొలిస్టిన్ వాడకాన్ని మన కేంద్ర ప్రభుత్వం 2019 జూలైలో నిషేధించింది.