పులుపంటే గిట్టని నల్లబండ

ముంబయిలో కొత్త ఇంటికి వంటగట్టు వేయించుకునేవాళ్ళను మేస్త్రీ "కడప్పా వేద్దామా?" అని అడుగుతాడు. అక్కడ ఆ మాటకు ఊరని కాదు, నల్లబండ అని అర్థం. గట్టు పైన గ్రానైట్ పరిచినా, దాని బరువు మోసే నిలువు బండలు చాలా ఇళ్ళలో కడపవే. ఇక్కడ రాయలసీమలోనేమో కొత్త ఇల్లు కట్టేవాళ్ళు "కడప బండా? గ్రానైటే వేయించు" అని పెదవి విరిచేస్తున్నారు. ఆ బండ స్వభావం తెలియక వచ్చిన చిన్నచూపు ఇది.

ఎర్రగుంట్ల, ముద్దనూరు, జమ్మలమడుగు చుట్టూ నల్లగా, బేతంచెర్ల, కొలిమిగుండ్ల, బనగానపల్లె వైపు బూడిద, ఆకుపచ్చ, పసుపు ఛాయల్లో దొరికే ఈ బండ, అంటే నాపరాయి, అసలు సున్నపురాయి. 50 కోట్ల ఏళ్ళకు ముందే సముద్రం అడుగున పొర మీద పొరగా పేరుకున్నది. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ పొరల్లో ఒకదానికి జమ్మలమడుగు ప్రాంతపు నార్జి అనే ఊరి పేరే పెట్టారు. పొరలుగా పేరుకుంది కాబట్టే పొరలుగా లేస్తుంది. పైమట్టి తీసేసి, అంచున ఉలి పెట్టి సుత్తితో వరసగా కొట్టి, గునపంతో ఎత్తితే పలక చదునుగా ఊడివస్తుంది. ఈ గుణం వల్లే యంత్రాలు రాకముందు కూడా సీమలో సామాన్యుడి ఇంటికి నేలబండ, గూటి అర, అరుగు అన్నీ అందాయి. వంటగట్టు గ్రానైట్‌ను మాత్రం దిమ్మెగా తీసి రంపంతో కోస్తారు.

మరి చిక్కెక్కడ? చింతపండులో.

సున్నపురాయంటే ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. చింతపండు, నిమ్మకాయ, టమోటా, పుల్లమజ్జిగ, ఏ పులుపు తగిలినా అది కరుగుతుంది. నిమ్మచెక్క బోర్లించి మరిచిపోతే తెల్లారేసరికి ఆ చెక్క కొలతకే ఒక తెల్లటి వలయం మిగులుతుంది. ఇల్లాలు దాన్ని మరక అనుకుని రుద్దుతుంది, ఎంత రుద్దినా పోదు. పోదు ఎందుకంటే అక్కడ అంటుకున్నది ఏమీ లేదు, ఉన్న మెరుపే కరిగిపోయింది. కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు చూసినవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న వాననీరు, అంత పలచని ఆమ్లమే, లక్షల ఏళ్ళు పారి సున్నపురాతిలో 3,229 మీటర్ల దారులు తొలిచింది. వంటగట్టు మీద చింతపులుసు చేసేదీ అదే పని, కాస్త తొందరగా.

కాఠిన్యంలోనూ తేడా ఉంది. పదంకెల మోస్ కొలమానంలో సున్నపురాయి 3 దగ్గర, గ్రానైట్ 6, 7 మధ్య నిలుస్తాయి. ఇనుప కత్తి కడప బండ మీద గీత పెడుతుంది. సీమ గాలి మోసుకొచ్చే ఇసుక కూడా పెడుతుంది. అందుకే దుమ్ము పట్టిన గట్టును పొడిగుడ్డతో రుద్దకూడదు, ముందు తడిగుడ్డతో ఎత్తేయాలి.

బండ కొనేటప్పుడు తొందర పనికిరాదు. పలకను నిలబెట్టి వేలి కణుపుతో తట్టాలి. ఖంగుమంటే నిండురాయి, మొద్దుగా పలికితే లోపల పొర విడిందని అర్థం. నీళ్ళు చల్లి ఆరనివ్వాలి. బండంతా ఆరినా ఒక గీత మాత్రం తడిగా మిగిలితే అది పగులు. తెల్లచారలు మాత్రం పగుళ్ళు కావు, రాతిలో పుట్టిన కాల్సైట్. సింకు కోసం కోసే రంధ్రానికి మూలలు గుండ్రంగా తీయించాలి. పదునైన మూలల నుంచే చీలికలు మొదలవుతాయి. మరొక సంగతి, కడప పేరుతో వేరే రాయి అంటగడుతున్నారని అనుమానం వస్తే ముక్క అంచున నిమ్మరసం చుక్క వేసి చూడాలి. సున్నపురాయి సన్నగా నురగ కడుతుంది, గ్రానైట్‌కు ఏమీ కాదు.

వాడకంలో అలవాటు ముఖ్యం. పులుసు గిన్నె కింద పళ్ళెం, తరగడానికి చెక్క, పొయ్యి మీద నుంచి దించిన సంగటి గిన్నెకు కుదురు. రాత్రి పలచని సబ్బునీళ్ళతో తుడిచి ఆరబెడితే చాలు. రాతిలోకి ఇంకే సీలర్ పూయించుకుంటే నూనె, పసుపు మరకలు తగ్గుతాయి, కానీ పులుపు కరిగించడాన్ని అది ఆపలేదు. అమ్మేవాళ్ళు ఈ రెండో మాట చెప్పరు. నూనె ఇంకిన చోట వంటసోడా ముద్ద పట్టించి, కప్పి, రాత్రంతా ఉంచితే చాలావరకు పీల్చేస్తుంది.

స్నానాలగదిలో అసలు ముప్పు బాత్‌రూమ్ ఆసిడ్. సీమ బోరునీళ్ళు చాలాచోట్ల ఉప్పునీళ్ళు, సున్నపు నీళ్ళు. నల్లబండ మీద తెల్లపొర కడతాయి. ఆ పొరా సున్నమే, కింద బండా సున్నమే. పొరను కరిగించిన ఆసిడ్ బండ దగ్గరికి రాగానే ఆగదు. అందుకే నీళ్ళు ఆరకముందే రబ్బరు పట్టీతో లాగేయడం ఒక్కటే నమ్మదగ్గ పద్ధతి. కింద నేలకైతే పాలిష్ బండ వద్దు, తడికి జారుతుంది. చేత్తో చీల్చిన గరుకు మొహం ఉన్నదే కాలికి పట్టు.

రాయి మెత్తనిది కావడం ఒక లోపమే, ఒక వరం కూడా. మెరుపు పోయిన కడప గట్టును ఇంట్లోనే మళ్ళీ అరగదీసి పాలిష్ పట్టించవచ్చు. ఇల్లు బాగుచేయించే వాళ్ళు పాత బండను పగలగొట్టి బయట పారేసే ముందు పాలిష్ పనివాణ్ణి ఒక్కసారి పిలిపించి చూపించండి.