సంభాషణ యంత్రపు ఖాతా: తాళము, దస్తావేజులు

2022 నవంబరు 30వ తేదీన అమెరికాలోని ఓపెన్ ఏఐ సంస్థ చాట్ జీపీటీని ప్రజల కందించినది. దానితో సంభాషింపదలచినవారు ఈమెయిలు చిరునామా నిచ్చి, సంకేతపదము, అనగా పాస్‌వర్డు నేర్పరచుకొని ఖాతా తెరువవలసి యుండెను. 2024 ఏప్రిలు నుండి ఖాతా లేకయే ప్రశ్నించు సదుపాయము కలిగినను, జరిగిన సంభాషణలు నిలిచి యుండవలెనన్నచో ఖాతా తప్పదు.

ఈ నిర్మాణమున మెచ్చదగినదానిని ముందుగా చెప్పుట న్యాయము. సంకేతపదమునకు తోడు రెండవ తాళ మొకటి వేసికొనవచ్చును. దాని పనితీరు ముచ్చటైనది. ఏర్పాటు చేయునాడు తెరపై నలుపు తెలుపు గళ్ల చిత్రము కానవచ్చును. ఫోనులోని యాప్ దానిని చదివి, అందలి రహస్య సంఖ్యను దాచుకొనును. అదే సంఖ్య సంస్థవారి కంప్యూటరులోను ఉండును. ఇరువైపుల ఆ సంఖ్యకు అప్పటి కాలమును చేర్చి ఒకే గణితము చేయగా ఆరంకెలు వచ్చును. అవి 30 సెకండ్ల కొకమారు మారును. ఫోనునకు నెట్ అందకున్నను బాధ లేదు, గడియారము సరిగా నడచిన చాలును. సంకేతపదము నపహరించినవాడు ఈ అంకెలు తెలియక గుమ్మము వెలుపలనే నిలువవలసి వచ్చును. ఇంత మంచి తాళమును సెట్టింగుల లోపల నుంచి, వెదకి కోరినవారికే ఇచ్చుట లోపము. తాళపుచెవిని అటక మీద దాచి, ఇల్లు భద్రమనుట వంటిది.

అయినను తాళమే సర్వస్వము కాదు. 2023 జూనులో గ్రూప్ ఐబీ అను భద్రతా సంస్థ, దొంగ ప్రోగ్రాములు సోకిన 1,01,134 యంత్రములలో చాట్ జీపీటీ ప్రవేశ వివరములు కానవచ్చినవని ప్రకటించినది. వానిలో 12,632 భారతదేశమునకు చెందినవి, మరి యే దేశమునకును అన్ని లేవు. ఇవి సంస్థవారి గోడకు కన్నమువేసి తెచ్చినవి కావు. వాడుకరి బ్రౌజరులో భద్రపరచుకొన్నవే. ఇట్టి దొంగ ప్రోగ్రాములు సంకేతపదములనే కాక, కుకీలను కూడ ఎత్తుకొనిపోగలవు. కుకీ యనగా, ఒకసారి లోపలికి వచ్చినవానిని మరల ప్రశ్నింపకుండుటకై బ్రౌజరున కిచ్చు చీటీ. ఆ చీటీ చూపినవానిని ఆరంకెలు అడుగరు. కనుక అనుమానము కలిగినపుడు సంకేతపదము మార్చినంత మాత్రమున ఊరకుండరాదు. ముందు యంత్రమును శుభ్రపరచి, పిదప అన్ని పరికరములనుండి ఖాతాను ఒక్కసారిగా మూయు మీటను నొక్కవలెను. ఆ మీట నమర్చినందుకు నిర్మాతలను ప్రశంసింపవచ్చును.

వాడుకరి చేతిలో లేని విషయము లింకను ఉన్నవి. 2023 మార్చి 20న ఒక సాఫ్ట్‌వేరు దోషమువలన కొందరికి పరుల సంభాషణల శీర్షికలు కనబడినవి. తొమ్మిది గంటల వ్యవధిలో ఆ సేవను వాడిన ప్లస్ చందాదారులలో 1.2 శాతముమంది చెల్లింపు వివరములు కొన్ని పరులకు కనబడి యుండవచ్చునని సంస్థయే ఒప్పుకొన్నది. రెండవ తాళము వేసికొన్న జాగ్రత్తపరునికిని ఇందు రక్షణ లేదు.

తొలగించుట అను మాటయు పరీక్షకు నిలువదు. తొలగించిన సంభాషణ సామాన్యముగ 30 దినములలో సంస్థ కంప్యూటర్లనుండి పోవునని నియమము. కాని న్యూయార్క్ టైమ్స్ పత్రిక వేసిన దావాలో 2025 మే నెలలో న్యాయస్థాన మిచ్చిన ఉత్తరువు ననుసరించి, సాధారణ ఖాతాదారులు తొలగించినవానిని సైతము సంస్థ దాచి యుంచవలసి వచ్చినది. ఆ నిర్బంధము సెప్టెంబరు 26న ముగిసినది. నడుమ నెలలలో మీట నొక్కినవాని తెరపై సంభాషణ మాయమైనది, దస్తావేజు మాత్రము పదిలముగ నున్నది.

అదే 2025లో, సంభాషణను ఇతరులకు పంపు లంకెతో పాటు, అది వెదకుడు యంత్రములకు దొరకునట్లు చేయు గడి యొకటి ఉండెడిది. గడి క్రింది వివరణ చిన్న అక్షరములలో నుండెను. స్నేహితునికి పంపుచున్నామనుకొని గడిలో గుర్తు పెట్టినవారి సొంత సంగతులు గూగుల్‌లో తేలినవి. జూలై 31న సంస్థ ఆ గడిని తీసివేసినది.