కంకర కింద నడిచే నీళ్లు

పటాన్‌చెరు నీళ్లంటే ఎవరికైనా ముందు తట్టేది నక్కవాగు. మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు, సుప్రీంకోర్టు దాకా వెళ్లిన వ్యాజ్యం, 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం బయటపెట్టిన లెక్క: అక్కడి శుద్ధి కేంద్రం వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్! అదే ఊళ్లో, 1972లో వెలసిన వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఆవరణలో, ఇళ్ల మురుగును మొక్కల మడుల్లో బాగుచేసి పొలానికి పారించే పని ఏళ్లుగా నడిచింది. దాని గురించి కేసుల్లేవు కాబట్టి వార్తలూ తక్కువే.

ఈ మడుల్లో నీరు పైకి కనిపించే రకం ఒకటి, కంకర లోపలే నడిచే రకం మరొకటి. పనితనం చూడాలంటే రెండోదాన్నే చూడాలి.

మోరీ నీరు ముందు ఒక తొట్టిలో తేరుకుంటుంది. బరువైన మడ్డి అడుగుకు దిగుతుంది, నూనె జిడ్డు పైకి తేలుతుంది, నడిమి నీరు మాత్రమే గొట్టంలోంచి మడిలోకి వెళ్తుంది. మడి లోతు మహా అయితే రెండడుగులు. నీరు దిగే చోటా బయటికొచ్చే చోటా పెద్ద రాళ్లు, మధ్యలో సన్న కంకర, దొడ్డు ఇసుక. ఆ పెద్ద రాళ్లు అందానికి కాదు. వచ్చిన నీరు ఒకే దారి పట్టకుండా మడి వెడల్పంతా పరుచుకోవాలి. కంకరను కడగకుండా పోస్తే దాని దుమ్మే సందులు మూసేస్తుంది. మడి పైభాగం సమమట్టంగా, అడుగు మాత్రం నూటికి ఒకపాలు వాలుగా ఉండాలి. మేస్త్రీ చేతి నాణ్యత తేలేది ఇక్కడే.

నాకు అన్నిటికన్నా ముచ్చటైనది చివరి గొట్టం వంపు. దాన్ని కాస్త పైకో కిందికో తిప్పితే చాలు, మడి మొత్తంలో నీటిమట్టం మారుతుంది. నీరు కంకర పైమట్టానికి ఒకటి రెండు అంగుళాలు కిందే ఉంటే దోమ గుడ్డు పెట్టడానికి చోటుండదు, వాసనా రాదు. మోటారు లేదు, మీట లేదు.

చూసేవాళ్లు మెట్టతామర పూలను మెచ్చుకుంటారు గానీ, అసలు చాకిరీ రాళ్లకు పట్టిన జిగురు పొరది. అందులోని సూక్ష్మజీవులే మురుగును తింటాయి. జమ్ము, మెట్టతామర లాంటివి బోలు కాడల గుండా వేళ్లకు గాలి దింపుతాయి. వేళ్ల చుట్టూ గాలి అందే చోట అమ్మోనియా నైట్రేట్‌గా మారుతుంది. అక్కడికి కాస్త దూరంలో, గాలి అందని చోట, అదే నైట్రేట్ నత్రజని వాయువై పైకి పోతుంది. ఇదంతా జరగడానికి నీరు రెండు నుంచి ఐదు రోజులు లోపల మెల్లగా నడవాలి. తొందరపెడితే పని చెడుతుంది.

ఇక్రిశాట్ వాళ్లు పేరున్న మొక్కలతోనే ఆగలేదు. రైతు తిట్టుకుంటూ పీకి పారేసే ఎజిరేటమ్ అనే కలుపు మొక్కను కూడా మడిలో నాటి, ఇళ్ల మురుగు మీద ఎలా పనిచేస్తుందో కొలిచి 2017లో పత్రం ప్రచురించారు. ఆ చూపు నాకు నచ్చింది.

దీనికి ఓ హద్దుంది. ఫ్యాక్టరీ నీటికి ఇది మందు కాదు. ఏ షెడ్డులోనో రసాయనాల డ్రమ్ము కడిగిన నీళ్లు కాలనీ మోరీలో కలిస్తే ఆ జిగురు పొర చచ్చిపోతుంది. బాగుపడిన నీరూ తాగడానికి కాదు, తోటకూ గడ్డికీ.

ఇక నిర్వహణ. తొట్టిలో మడ్డి పేరుకుంటే తోడాలి. ముదిరిన మొక్కల్ని కోసేయాలి, లేకపోతే అవి అక్కడే కుళ్లి పీల్చుకున్నదంతా మళ్లీ నీటికే ఇస్తాయి. కొన్నేళ్లకు మొదటి గజం రాళ్లు పూడుకుపోయి నీరు పైకి ఉబుకుతుంది. అప్పుడు మడంతా తవ్వక్కర్లేదు. ఆ గజం మేర పారతో తీసి, కడిగి, మళ్లీ పోస్తే సరి.