మెదక్ చర్చి నిర్మాణ కళ

మధ్యయుగాల నాడు ఐరోపాలో రూపుదిద్దుకున్న గోథిక్ చర్చి నిర్మాణ పద్ధతి తెలుగునేలపై సాధించిన ఘనతను చూడాలంటే, వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ పూనికతో 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకున్న మెదక్ చర్చిని చూడాలి. దీని నమూనాను ఇంగ్లండులోని బోల్టన్ పట్టణపు వాస్తుశిల్ప సంస్థ బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ గీసింది. కట్టింది మాత్రం ఇక్కడి కూలీలు. కరువుతో ఊళ్ళు అల్లాడుతున్న రోజుల్లో ఈ పనే ఎన్నో కుటుంబాలకు తిండి పెట్టిందన్న సంగతిని కట్టడపు అందం కన్నా ముందు చెప్పుకోవడం న్యాయం.

ఇంగ్లీషు చర్చిలో భక్తులు కూర్చునే పొడవైన మధ్యశాల, స్తంభాల వరుసలకు అవతల పక్కశాలలు, చివర బలిపీఠం ఉంటాయి. గంటగోపురం చాలాచోట్ల ప్రవేశద్వారం వైపే లేస్తుంది. మెదక్‌లో ఈ అమరిక 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పుకు విస్తరించగా, గోపురం 175 అడుగుల ఎత్తుకు చేరింది.

చర్చి లోపలి ఎత్తును సాధ్యం చేసేది గోథిక్ పద్ధతికి ప్రాణమైన మొనతేలిన కమాను. అర్ధవృత్తపు కమాను ఎత్తు ఎప్పుడూ దాని వెడల్పులో సగమే కాగా, రెండు వంపులు పైన కలిసి మొనదేలే కమానును అదే వెడల్పు మీద కావలసినంత ఎత్తుకు లేపవచ్చు. పైగా అది బరువును పక్కలకు నెట్టడం తగ్గించి, ఎక్కువ భాగాన్ని నిటారుగా కిందికి దింపుతుంది. మిగిలిన పక్కతోపును గోడకు వెలుపల కట్టే రాతి దన్నులు కాచుకుంటాయి కనుక, గోడలో పెద్ద పెద్ద కిటికీలకు చోటు దొరుకుతుంది. 1591 నాటి చార్మినార్‌ను ఎరిగిన తెలుగువారికి మొనతేలిన కమాను కొత్తది కాదు. దాన్ని వెలుగు కోసం వాడుకోవడమే గోథిక్ శిల్పుల ప్రత్యేకత.

ఆ వెలుగే మెదక్ చర్చికి అసలైన సంపద. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన మూడు రంగుటద్దాల కిటికీలలో క్రీస్తు జననం, సిలువ మరణం, ఆరోహణం కనిపిస్తాయి. ఇటువంటి కిటికీలో రంగు గాజు ముక్కలను బొమ్మకు తగినట్టు కోసి, ముఖకవళికలను, బట్టల మడతలను నల్లని వర్ణంతో గీసి, కొలిమిలో కాల్చి, ఆపై సీసపు పట్టీలతో ఒకదానికొకటి అతుకుతారు. బొమ్మలో నల్లటి గీతలుగా తోచేవాటిలో చాలామటుకు ఆ పట్టీలే. చిత్రానికి రేఖలూ అవే, గాజుకు ఆధారమూ అవే. ఒకే వస్తువు రెండు పనులు ఇంత చక్కగా చేయడం అరుదు.

1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఇది మెదక్ అధ్యక్ష మండలానికి కథీడ్రల్, అంటే బిషపు పీఠం ఉండే ప్రధాన ఆలయం అయింది. సీసం కాలక్రమంలో బలహీనపడి వంగుతుంది కాబట్టి ఈ కిటికీలకు చేయి తిరిగిన నిపుణుల సంరక్షణ ఎప్పటికీ అవసరమే. చూడబోయేవారు పగటిపూట, ఎండ ఉండగా లోపలికి వెళ్ళి చూడాలి. చీకటి పడ్డాక లోపలి నుండి ఆ బొమ్మలు కనిపించవు.