దుబాసీ చేతిలో పుస్తకం

వక్త నాలుగైదు నిమిషాలు మాట్లాడి ఆగుతాడు. అప్పుడు దుబాసీ అందుకుని ఆ మాటంతా మరో భాషలో మొదటినుంచీ చెప్పాలి. ఈ పనిలో ఉన్న మమ్మల్ని జనం అడిగేది ఒకటే: "అంతా ఎలా గుర్తుంటుందండీ?" అర్థమైనది గుర్తుంటుంది. వక్త ఒక విషయం మీంచి ఇంకోదానికి ఎందుకు వెళ్ళాడో పట్టుబడితే ప్రసంగం కథలా మనసులో నిలుస్తుంది.

అలా నిలవనివి అంకెలు, పేర్లు, తేదీలు. అవి చెవిన పడగానే రాసేయాలి. మిగతావి రాసే పద్ధతి మీద జెనీవాలో ఈ విద్య నేర్పిన ఝాన్ ఫ్రాన్స్వా రోజాన్ 1956లో చిన్న పుస్తకం రాశాడు. మాటలు వదిలి భావం రాయమంటాడు. కాగితం పై ఎడమ మూల నుంచి మెట్లు దిగినట్టు రాయాలి: కర్త, దాని కింద కాస్త కుడికి క్రియ, ఇంకా కింద కర్మ. 'కానీ', 'అందుకే', 'అయినా' లాంటి లంకెమాటలు తప్పనిసరి. గుర్తులు 20 చాలన్నాడు. నిజమే, చెయ్యి ఎక్కువ రాస్తే చెవి మూతపడుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు పేజీలు నింపుతారు, ఆ హడావిడిలో 'అయినా' ఒక్కటి జారిపోతుంది. దాంతో వక్త వాదమే తలకిందులవుతుంది.

1919 పారిస్ శాంతి సభలో ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికా నేతలు క్లెమెన్సో, లాయిడ్ జార్జ్, విల్సన్‌ల మధ్య దుబాసీగా పాల్ మాంతూ చేసింది ఈ పనే. అంతకుముందే మనవాడూ ఒకడున్నాడు. మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్ ఏనుగుల వీరాస్వామయ్య. 1830లో కాశీకి బయలుదేరి, దారిపొడవునా చూసిందీ విన్నదీ ఆయన రాసిపెట్టిన తీరులో కోర్టు నేర్పిన చెవే నాకు కనిపిస్తుంది.

మన సభల్లో మాత్రం వక్త వాక్యం మధ్యలోనే ఆగి దుబాసీ వైపు చూస్తాడు. ఇంగ్లిష్‌లో హామీ ముందు, షరతు తర్వాత రావడం మామూలు. తెలుగులో షరతే ముందుండాలి. వక్త హామీ దగ్గర ఆగితే దుబాసీకి అందేది సగం వాక్యం. దానికే జనం చప్పట్లు కొట్టేస్తారు, షరతు ఆ తర్వాత వస్తుంది.

సభలు జరిపేవాళ్ళకు నా మనవి. ప్రసంగం కాగితం ముందురోజే దుబాసీకి ఇవ్వండి, కుదరకపోతే పేర్లూ అంకెలైనా ఇవ్వండి. వక్త గొంతు స్పష్టంగా వినబడే చోట దుబాసీకి కుర్చీ వేయండి. భావం పూర్తయ్యాకే ఆగమని వక్తకు ముందే చెప్పండి.